చప్పుడు చేయని పిడి

హియోకి తకేజి ఇంట్లో ఏ వస్తువూ నోరెత్తదు. ఆయన భార్య ఫుమియే ఎత్తుతుంది గానీ, ఆ సందులో దూర్చే బద్ద ఆయనకు ఇప్పటిదాకా దొరకలేదు. మిగతా ఇల్లంతా ఆయన మాట విన్నదే. జారుడు తలుపు, బియ్యం డబ్బా మూత, దేవుడి అల్మరా సొరుగు, ఎక్కడ కాస్త వదులు కనిపిస్తే అక్కడ సన్నగా చీరిన వెదురు బద్దో మడిచిన కాయితమో దూర్చి నోరు మూయించేశాడు. గాలివాన వచ్చిన రోజున మా వీధిలో ప్రతి తలుపూ తన కష్టాలు చెప్పుకుంటూ ఉంటే ఆ ఒక్క ఇల్లు మౌనవ్రతం పట్టిన మునిలా కూర్చుని ఉంటుంది.

ఇది జబ్బు కాదు, వృత్తి. సెకి ఊళ్ళో కుమజాకి వారి కత్తుల కార్ఖానాలో పిడులు బిగించే పని ఆయనది. కత్తితోపాటు పెట్టెలో వెళ్ళే కరపత్రాలు రాయడమూ, కొన్నవాళ్ళ ఫిర్యాదులకు జవాబులివ్వడమూ నా పని. బళ్ళో పాత కావ్యాలు చెప్పి రిటైరైన మనిషికి ఇంతకంటే దగ్గరి ఉద్యోగం దొరకదు. రెండు చోట్లా లేని వీరుల గురించే కదా చెప్పడం.

మా ఊరు కొన్ని వందల ఏళ్ళుగా కత్తులు చేస్తోంది. మొదట్లో మనుషులను కోసేవి చేశారు. తర్వాత కూరగాయలను కోసేవి చేశారు. ఇప్పుడు మేము దేన్నీ కోయనివి చేస్తున్నాం. నాగరికత పెరగడమంటే ఇదే కాబోలు. యానిమే బొమ్మల కథల్లో వీరులూ వీరనారులూ పట్టుకునే కత్తులకు మేము అచ్చు దింపుతాం. మనిషికంటే పొడుగైనవి, చేప ముల్లులా పళ్ళున్నవి, ఊదారంగువి, రెండు వైపులా పిడి ఉండి ఎటు పట్టుకోవాలో వీరుడికే తెలిసినవి. ఏ ఆకారమైనా చట్టం మాత్రం ఒకటే. అలుగులో, అంటే కత్తి రేకులో, ఇనుము ఉండకూడదు. పదును ఉండకూడదు, పెట్టినా నిలవకూడదు. పోలీసాయన జేబులోంచి అయస్కాంతం తీసి ఆనిస్తే అలుగు దాన్ని పరాయివాడిలా చూడాలి. అందుకని మా అలుగులన్నీ జింకు. ఇన్ని చేతగానితనాలున్న మనిషికి మా దేశంలో పెళ్ళి కూడా కాదు గానీ, కత్తికి నాణ్యత ముద్ర పడుతుంది.

ఇంకో తమాషా ఉంది. ఆ వీరుల వేషాలు కట్టి సంతలకు వెళ్ళే పిల్లలు మా కత్తిని గోడమీదే వదిలి, స్పాంజి కత్తి పట్టుకుని వెళతారు. లోపలికి లోహం రానివ్వరు. అంటే మాది పట్టపుదేవి, స్పాంజిది ఊరేగింపులకు. పట్టపుదేవి గడప దాటదు గనక ఆవిడ అందం ఎవడూ సరిపోల్చి చూడడని అనుకుంటారేమో, అదేం కాదు. ఇంట్లో తీరిగ్గా తెర పక్కన పెట్టి చూస్తారు. "తెర మీద నీలంగా ఉంది, పెట్టెలో బూడిదరంగుగా వచ్చింది" అని రాస్తారు. "ఒరలోంచి తీస్తే ఖణేల్ మనలేదు" అని రాస్తారు. చెక్క ఒరలోంచి ఏ కత్తీ ఖణేల్ మనదనీ, అలా మోగితే ఒర పాడైందని అర్థమనీ నేను మర్యాదగా జవాబిస్తాను. వాళ్ళు నమ్మరు. చెవితో విన్నదాన్ని ఉత్తరంతో కాదంటే ఎవరు నమ్ముతారు?

తకేజి పని ఈ గోలకు దూరంగా, కార్ఖానా వెనక గదిలో. పిడి అంటే చూసేవాడికి నాడా చుట్టిన కర్ర. లోపల అలుగు తోక దూరే గాడి ఉంటుంది. పిడికీ అలుగుకూ మధ్య చేతిని కాపాడే చక్రం, దానికి అటూ ఇటూ రేకు బిళ్ళలు, అన్నిటినీ కలిపి పట్టి ఉంచే వెదురు చీల. వీటిలో ఏ ఒక్కటి వెంట్రుకంత వదులైనా కత్తి ఎత్తి మణికట్టు తిప్పగానే లొడుక్కుమంటుంది. పూర్వం చీకట్లో గోడ దూకేవాడి నడుమున కత్తి లొడుక్కుమంటే వాడి తలా మొండెమూ వేరయ్యేవి. అందుకని పిడివాళ్ళ ఇళ్ళలో లొడ అనే మాట ఆడవాళ్ళ ముందు అనేవారు కాదట. తకేజి బిగించిన ప్రతి కత్తినీ చెవి పక్కన పెట్టుకుని, మణికట్టు తిప్పి, కళ్ళు మూసుకునేవాడు. ఏమీ వినపడకపోతే కళ్ళు తెరిచేవాడు. ఆయన జీవితంలో ఆనందమంటే అదే, ఏమీ వినపడకపోవడం.

ఆ పని ఆయనకు నేర్పింది మేనమామ, అదాచి తొమెకిచి. ఆయన అసలు కత్తులకు, అంటే కోసే కత్తులకు, పిడులు చేసినవాడు. తకేజి కుర్రతనమంతా ఆయన పని చేసుకునే వసారాలోనే చెక్క గీరుతూ గడిచింది. తర్వాత అసలు కత్తులు కొనేవాళ్ళు తగ్గిపోయారు. వసారా ఒకరికే తిండి పెట్టగలిగింది. తకేజి కుమజాకి వారి దగ్గర చేరతానని చెప్పినప్పుడు తొమెకిచి కోప్పడలేదు.

"జింకా? మంచిదేరా. బకెట్లు కూడా దాంతోనే చేస్తారు" అన్నాడు.

తర్వాత కొంచెం మెత్తబడి ఇంకో మాట అన్నాడు. కమ్మరి తన పేరు అలుగు తోక మీద చెక్కుతాడు. పిడివాడు చెక్క లోపలి వైపు సిరాతో రాస్తాడు. పిడి పగిలితే తప్ప దాన్ని ఎవరూ చూడరు, అయినా రాస్తాడు. "పేరు పెట్టుకోదగ్గ కత్తి ఒకటి చేసినరోజు పట్టుకురా, చూస్తాను. అప్పటిదాకా ఊరికే రా, టీ తాగి పో."

తకేజి ముప్ఫై ఏళ్ళకు పైగా టీ తాగి వచ్చాడు. కుమజాకి వారి కార్ఖానాలో పనివాళ్ళ పేర్లు వేయరు. యజమాని పెద్దాయన ఉన్నప్పుడు ఆ మాట ఎత్తితే, "ఒకడి పేరు వేస్తే పదిమందీ అడుగుతారు. ఇది కార్ఖానానా, సమాధుల తోటా?" అనేవాడు. తకేజికి పిల్లల్లేరు, ఇల్లు ఉంది, ఆకలి తక్కువ. ఈ లోకంలో ఆయనకు కావలసింది ఒక్కటే. తన పేరున్న కత్తి ఒకటి మావయ్య చేతిలో పెట్టాలి. మావయ్య మణికట్టు తిప్పాలి. ఏమీ వినపడకూడదు.

*

సుసుమారు అనే వీరుడి బొమ్మల కథ మొదలై పదేళ్ళయిన సందర్భంగా అతని కత్తిని ప్రత్యేకంగా చేసే పని మా కార్ఖానాకు వచ్చింది. మసి పూసుకున్న మొహం, ఒంటిచెయ్యి. శత్రువు ముందు నిలబడి, మాట్లాడకుండా కత్తి ఎత్తి మణికట్టు తిప్పుతాడు. అది కచక్ మంటుంది. శత్రువుకు చెమటలు పడతాయి. ప్రతి భాగంలోనూ ఇంతే. పదేళ్ళుగా శత్రువులు మారారు గానీ చెమట మారలేదు.

నమూనా చూసి సరేననడానికి తోక్యో నుంచి ఒగినో గారు వచ్చింది. ఆ కథ మీద హక్కులున్న కంపెనీ తరఫున ఆవిడ చూసి ఊఁ అంటేగాని గోరంత కూడా బయటికి వెళ్ళకూడదు. తెల్ల చేతితొడుగులు వేసుకుని, తెరమీది బొమ్మను పక్కన పెట్టుకుని, నాడా రంగు చూసింది, చక్రం మీద కాకి రెక్కలు లెక్కపెట్టింది, అలుగు నలుపు చూసింది. మా చిన్న యజమాని, అంటే పెద్దాయన కొడుకు రియోహే, ఆవిడ పక్కన ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. చివరికి ఆవిడ కత్తిని గోడ మీది క్యాలెండరు వైపు చూపించి మణికట్టు తిప్పింది. మళ్ళీ తిప్పింది.

"రావట్లేదే" అంది.

"ఏంటండీ రానిది?"

"కచక్."

తకేజిని వెనక గదిలోంచి పిలిపించారు. ఆయన సంగతి విని, ఆవిడ ఏదో తప్పుగా అర్థం చేసుకుందనుకుని, ఓపిగ్గా చెప్పాడు. "రాకూడదమ్మా. వస్తే పిడి వదులన్నమాట."

"సుసుమారు కత్తి ఎప్పుడు ఎత్తినా వస్తుందండీ. మొదటి భాగం నుంచీ."

"అయితే మొదటి భాగం నుంచీ అతని పిడి వదులే. పదేళ్ళలో ఒక్కరైనా చెప్పాల్సింది పాపం."

చిన్న యజమాని దగ్గాడు. ఒగినో గారు నవ్వలేదు, కోప్పడనూ లేదు. మర్యాద తెలిసిన మనిషి. "హియోకి గారూ, ఆ చప్పుడు వింటే పిల్లలకి ఒళ్ళు జలదరిస్తుంది."

"నాకూ జలదరిస్తోంది" అన్నాడు తకేజి.

ఆవిడ తొడుగులు విప్పి సంచీలో పెట్టుకుంది. మిగతావన్నీ అద్భుతంగా ఉన్నాయనీ, నాణ్యతలో లోపం ఒక్కటేననీ, ఆ లోపం సరిదిద్దితే మళ్ళీ వస్తాననీ చెప్పి రైలుకి వెళ్ళిపోయింది. పిడి బిగుతుగా ఉండడం లోపమని మా ఊళ్ళో అధికారికంగా నమోదైంది ఆ రోజునే.

మర్నాడు పొద్దున చిన్న యజమాని తకేజిని కాఫీ కొట్టుకు తీసుకెళ్ళాడు. మా వైపు పొద్దున్నే కాఫీ చెబితే రొట్టెముక్కా ఉడకబెట్టిన గుడ్డూ వాటంతట అవే వస్తాయి. ఎవరూ అడగరు, ఎవరూ వద్దనరు. చిన్న యజమాని తన గుడ్డును తకేజి పళ్ళెంలోకి దొర్లించాడు. మా కార్ఖానాలో పెద్ద పెద్ద అన్యాయాలన్నీ ఒక గుడ్డుతోనే మొదలవుతాయి.

"మీ మావయ్యగారు ఎలా ఉన్నారు తకేజి గారూ?"

"ఉన్నారు. చూపు పోయింది. కొండమీది వృద్ధాశ్రమంలో ఉన్నారుగా."

"ఈ కత్తికి పెట్టెలో ఒక చీటీ వేద్దామనుకుంటున్నాను. బంగారు అంచు చీటీ. 'పిడి: హియోకి తకేజి' అని. పనివాడి పేరుంటే బాగుంటుందని ఒగినో గారే అన్నారు."

తకేజి గుడ్డు పెంకు తీస్తున్నవాడు ఆగాడు. "లొడతోనా?"

"కచక్‌తో."

"రెండూ ఒకటే బాబూ."

"మీకూ నాకూ ఒకటే. కొనేవాళ్ళకి కాదు. మా నాన్న ఉంటే ఈ మాట అనేవాడా చెప్పండి? పేరు వేస్తానని నోరు తెరిచి నేనే అంటున్నాను. మీరు వద్దంటే సరే, ముందు గదిలో ఆడవాళ్ళ చేత వదులు చేయిస్తాను. సుత్తి దెబ్బ ఎవరైనా కొట్టగలరు. అప్పుడు చీటీ ఉండదు, అంతే."

తకేజి గుడ్డు తిన్నాడో లేదో నాకు తెలియదు. ఆలోచించి చెబుతానన్నాడట. ఇంటికి వెళ్ళి ఆలోచన మొదలుపెట్టేలోపే ఫుమియే దాన్ని చేతిలోంచి లాక్కుంది. ఆవిడ మా కార్ఖానాలోనే పెట్టెలు సర్దుతుంది. ఆ సాయంత్రం నన్ను ఆపి మరీ చెప్పింది.

"పేరు పేరు అని ఇన్నేళ్ళు నా ప్రాణం తీశారండీ. ఇప్పుడు ఇస్తామంటే ఆలోచిస్తారట. లొడ పెట్టమంటున్నాడే అంటారు. పెట్టండి, పోయేదేముంది అన్నాను. మీ మావయ్యకి తొంభై దాటాయి, కళ్ళు లేవు, చెవులూ పోయాయి. ఇంక ఆయనకి వినపడేదెంత?"

"చెవులు పోయాయా?" అన్నాను నేను.

"నేను పలకరిస్తే పలకరుగా."

"నువ్వు పలకరిస్తే నేనూ పలకనుగా" అన్నాడు వెనకనుంచి తకేజి. కానీ ఆ మాట అన్న తీరులో నమ్మకం లేదు. పేరు కావలసిన మనిషికి మావయ్య చెవుడు కూడా కావలసి వచ్చింది. రెండూ కలిస్తే లెక్క సరిపోతుంది. అంతకుముందు వారమే ఆ మావయ్య, పక్క గదిలో చెంచా కిందపడితే "అది సత్తు చెంచా" అని చెప్పాడని తకేజికి గుర్తు లేదు. గుర్తు తెచ్చుకోలేదు అనడం న్యాయం.

*

ఒప్పుకున్నాడు. ఆడవాళ్ళ సుత్తి దెబ్బకు మాత్రం ఒప్పుకోలేదు. సుత్తితో కొట్టి వదులు చేస్తే ఎప్పుడో ఒకనాడు అలుగు ఊడి ఎవడి కంట్లోనో పడుతుందన్నాడు. అలుగు పిడిలో బండలా ఉండాలి, చక్రమూ బిళ్ళలూ మాత్రమే ఆడాలి. ఆ పద్ధతి తనే కనిపెట్టాడు. లొడను కూడా నిక్కచ్చిగా చేయగల మనిషి ఆయన.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఆయన చేతులకు వదులుగా బిగించడం రాదు. ఎంత ప్రయత్నించినా బిగిసిపోయేది. అందుకని ప్రతి కత్తినీ ముందు సరిగ్గా బిగించి, చెవి పక్కన పెట్టుకుని, ఏమీ వినపడలేదని రూఢి చేసుకుని, విప్పి, ఆకురాయితో బిళ్ళ మీద ఒక్క గీటు గీసి మళ్ళీ బిగించేవాడు. మళ్ళీ చెవి పక్కన పెట్టుకునేవాడు. కచక్. ఈసారి కళ్ళు మూసుకునేవాడు కాదు. ఆ కత్తుల్లో ప్రతిదీ కాసేపు మంచి కత్తిగా బతికింది. ఆ కాసేపూ ఆయన ఒక్కడే చూశాడు.

ఒగినో గారు వచ్చి క్యాలెండరును బెదిరించి, "ఇదీ" అంది. చీటీ నేనే రాశాను. "సెకి పిడిపనిలో పండిన చేయి, సుసుమారు గుండెచప్పుడును పిడిలో బంధించిన నిపుణుడు, హియోకి తకేజి." బంగారు అంచులో బాగానే ఉంది. తకేజి దాన్ని రెండు చేతులా పట్టుకుని చదివి, తన పేరులో అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో మాత్రం చూసుకున్నాడు.

శరదృతువులో మా వీధుల్లో కత్తుల సంత జరిగినప్పుడు ఆయన్ని బల్ల వెనక కూర్చోబెట్టారు. మసి పూసుకున్న సుసుమారులు, రెండు చేతులున్నవాళ్ళు ఒక చెయ్యి చొక్కాలో దాచుకుని, వరసగా వచ్చారు. ఒక్కొక్కడూ కత్తి అందుకోవడం, మణికట్టు తిప్పడం, కచక్ అనగానే కళ్ళు మూసుకోవడం. ఒసాకా నుంచి వచ్చిన ఒక పిల్ల నేలకు వంగి దండం పెట్టి, "హియోకి గారూ, వేరే కంపెనీ కత్తి కొంటే మూగగా ఉందండీ. మీ పనే పని" అంది.

"మూగగానా?" అని అడిగాడు ఆయన, ఎంతో ఆశగా. "ఎవరమ్మా చేసింది?"

ఆ పిల్ల నవ్వింది. నిపుణుడు వినయంగా హాస్యమాడాడనుకుంది. అంతలో అసలు కత్తులకు సానపట్టే ముసలివాడొకడు అటుగా పోతూ నిలబడి, చెవి బల్ల వైపు వంచి, "ఏంరా తకేజి, మీ ఇంట్లో పిల్లి మెడకి గంట కట్టారా?" అని ముందుకు సాగిపోయాడు. తకేజి రోజంతా చావింటికి వచ్చినవాడిలా వంగి వంగి దండాలు పెడుతూనే ఉన్నాడు. సరుకంతా అమ్ముడుపోయింది. రెండో విడత మొదలైంది.

*

ఆదివారం నా కారులో వృద్ధాశ్రమానికి బయల్దేరాం. కత్తిని చట్టప్రకారం పెట్టెలో పెట్టి, తాడుతో కట్టి, ఒళ్ళో పెట్టుకున్నాడు. దారి పొడుగునా ప్రతి మలుపులోనూ పెట్టెను రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. అదిమి ఎందుకు పట్టుకున్నాడో ఇద్దరికీ తెలుసు.

తొమెకిచి కిటికీ పక్కన చక్రాల కుర్చీలో ఉన్నాడు. పక్కన మారిసెల్ అని, ఆయన్ని చూసుకునే ఫిలిప్పీన్స్ అమ్మాయి, దుప్పటి సర్దుతోంది.

"ఎవరూ?"

"తకేజిని మావయ్యా."

"టీ అయిపోయింది. పొద్దున్నే తాగేశాను."

"టీకి రాలేదు మావయ్యా. తెచ్చాను."

ముసలాయన ఏదీ అని అడగలేదు. దుప్పటి తీసేయమని మారిసెల్‌కు సైగ చేశాడు. అరచేతులు మోకాళ్ళకేసి తుడుచుకున్నాడు. తకేజి పెట్టె విప్పి కత్తిని చేతుల్లో ఉంచగానే, దాన్ని నుదుటి ఎత్తుకు ఎత్తి, నడుము వంగినంత మేరా వంగి నమస్కరించాడు. జింకుకు అంత గౌరవం జరగడం నేను ఎన్నడూ చూడలేదు. తకేజి తల తిప్పుకున్నాడు.

ముసలాయన బొటనవేలు పిడిమీద నాడా మడతలను ఒక్కొక్కటే తడుముతూ పైకి వెళ్ళింది.

"మడతలు చావలేదు. ఒకదాని మీద ఒకటి బాగా కూర్చున్నాయి. చెక్క?"

"మంచిదే మావయ్యా. మీరు వాడిన రకమే."

"నడుము సన్నం చేశావు. నా దగ్గర కొట్టేసిందే."

"అవును మావయ్యా."

"కొట్టెయ్యడానికే పెట్టాను." ముసలాయన పళ్ళులేని నోటితో నవ్వాడు. "పేరుందా?"

తకేజి జవాబు చెప్పేలోపే మారిసెల్ పెట్టెలోంచి బంగారు అంచు చీటీ తీసింది. మా అక్షరాలు ఆ అమ్మాయికి ఇంకా కష్టమే. పక్కన చిన్నగా వేసిన ఉచ్చారణ పట్టుకుని, ఒక్కో అక్షరం మీదా కాలు మోపి దాటుతూ చదివింది. "హి... యో... కి. త... కే... జి. ఇది మీ పేరేనా అండీ?"

అప్పుడే ముసలాయన కత్తి ఎత్తి మణికట్టు తిప్పాడు.

కచక్.

"సుసుమారు" అంది మారిసెల్ మొహం వెలిగిపోతూ. "మా ఊళ్ళో మా అబ్బాయి చూస్తాడండీ, రోజూ."

ముసలాయన ఇంకోసారి తిప్పాడు. ఇంకోసారి విన్నాడు. కత్తిని ఒళ్ళో పెట్టుకున్నాడు. పక్క గదిలో టీవీలో సుమో కుస్తీ వస్తోంది. ఒకడు పడిపోయినట్టున్నాడు, జనం అరుస్తున్నారు.

"ఏం పేరు చదివావమ్మా?"

"హియోకి తకేజి అండీ."

"మావాడి పేరే."

తకేజి చీటీని మారిసెల్ చేతిలోంచి తీసుకుని పెట్టెలో పెట్టేశాడు. "సెకిలో ఆ పేరుగలవాళ్ళు చాలామందే ఉన్నారు మావయ్యా."

"ఉంటారు" అన్నాడు తొమెకిచి. "వీడెవడో గానీ చెయ్యి తిరిగినవాడు. చేతకాక వదిలేస్తే నేర్పొచ్చురా. వీడు చేతనై వదిలేశాడు." కత్తిని తకేజి ఉన్న వైపు చాచాడు, గురి తప్పకుండా. "కనపడితే చెప్పు. బిళ్ళ మీద ఒక గీటు ఎక్కువైంది. బిళ్ళ మారిస్తే సరిపోతుంది, పెద్ద పనేం కాదు."

"చెప్తాను."

"నీదెప్పుడు తెస్తావు?"

"చేస్తున్నాను మావయ్యా."

"తొందరగా కానీ. టీ కూడా సగం గ్లాసే ఇస్తున్నారు నాకు."

తిరిగి వచ్చేటప్పుడు తకేజి పెట్టెను వెనక సీట్లో పడేశాడు. అది ఇంటిదాకా తన కథ తను చెప్పుకుంటూనే వచ్చింది.

*

మర్నాడు ఆయన చిన్న యజమాని దగ్గరికి వెళ్ళి రెండో విడత చీటీల్లోంచి తన పేరు తీసేయమన్నాడు. చిన్న యజమాని నిజంగానే బాధపడ్డాడు.

"ఇన్నేళ్ళు వెయ్యమని అడిగారు, వేశాం. ఇప్పుడు తియ్యమంటారేంటండీ? జనం పేరు చూసే కొంటున్నారు. హియోకి కచక్ అంటున్నారు. అది మీది కూడా కాదిప్పుడు."

"మరెవరిది?"

"ఒగినో గారి కంపెనీని అడగాలి" అన్నాడు చిన్న యజమాని, చాలా నిజాయితీగా.

తకేజి పగలు కచక్‌లు బిగించేవాడు. పని అయ్యాక అచ్చు గదిలోంచి అడిగి తెచ్చుకున్న ఒక అలుగుకు, అదే సుసుమారు అలుగుకు, ఎందుకంటే కార్ఖానాలో అప్పుడు వేరే అలుగు లేదు, పిడి మొదలుపెట్టాడు. చెక్క తన ఇంటినుంచి తెచ్చుకున్నాడు. గాడి తొలిచి, రెండు చెక్కలూ అతికించేముందు లోపలి వైపు కుంచెతో పేరు రాశాడు. బిళ్ళలు కొత్తవి కోశాడు. బియ్యపు జిగురు ఆరాలి. ఆరిన చెక్క కుదురుకోవాలి. నాడా తడిపి చుట్టి బిగుసుకునేదాకా ఆగాలి. తొందరపడితే చలికాలంలో పగులుతుంది. ఇదంతా తొమెకిచి నేర్పిందే. తొందరపడొద్దని చెంపలు వాయించి మరీ నేర్పాడు. శిష్యుడు గురువు చెప్పిన మాట అక్షరాలా పాటించాడు. గురువు రెండో మంచు కురిసిన వారంలో పోయాడు. నాడా బిగుసుకుంది కూడా ఆ వారమే.

మా దగ్గర పోయినవాళ్ళ గుండెమీద, చెడు దగ్గరికి రాకుండా, కాపు కత్తి పెడతారు, మొన కాళ్ళవైపుకి. అంత్యక్రియల కంపెనీ నుంచి వచ్చిన ఉచిదా అనే ఆవిడ, నల్ల కోటు, చక్కటి మెత్తటి గొంతు, జరీ సంచీలో చిన్న కత్తి తెచ్చి తొమెకిచి గుండెమీద పెట్టింది. తకేజి సంచీ మూతి విప్పి చూశాడు. లోపల కత్తి లేదు. కత్తి ఆకారంలో చెక్కిన చెక్కముక్క ఉంది. పిడి లేదు, చక్రం లేదు, ఏ అతుకూ లేదు.

"ఇందులో ఏమీ లేదండీ" అన్నాడు.

"ఉండదండీ. దహనం పొయ్యిలోకి లోహం వెళ్ళకూడదు కదా. రూపం చాలు" అంది ఆవిడ.

జీవితమంతా అసలు కత్తులకు పిడులు బిగించిన మనిషికి చివరికి దక్కింది అది. ఫుమియే తకేజి చొక్కా చెయ్యి పట్టి లాగింది. "ఊరుకోండి, అందరూ చూస్తున్నారు." ఆయన ఊరుకోలేదు. ఇంటికి వెళ్ళి తన కత్తి తెచ్చి, శవపేటిక మూసేదాకా ఉండనివ్వమని బతిమాలాడు. తొమెకిచి కోడలు సరేనంది. ఉచిదా గారు చెక్క కత్తిని పక్కకు జరిపి, దీన్ని తెల్లగుడ్డ మీద ఆనించి, ముసలాయన చేతులు దానిమీద ఉంచింది. తకేజి ఆ చేతుల దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. ఎవరైనా మణికట్టు తిప్పుతారని ఎదురుచూస్తున్నట్టుగా ఉన్నాడు.

మర్నాడు పొద్దున పెట్టె మూసేముందు ఆవిడ కత్తిని జాగ్రత్తగా తీసి, చెక్కముక్కను దాని చోట పెట్టింది. పువ్వులు సర్దారు. మూత మూశారు. బయట బండి సిద్ధంగా ఉంది. ఆవిడ కత్తిని రెండు చేతులా తకేజికి ఇవ్వబోతూ చక్రం మీది కాకి రెక్కలను చూసి ఆగింది. ఆ మెత్తటి గొంతులోకి కాస్త ప్రాణం వచ్చింది.

"ఇది సుసుమారు కత్తి కదండీ. మా చెల్లి దగ్గరుంది. హియోకి గారి పని."

తకేజి తల ఊపాడు. ఆవిడ మర్యాదగా, చావింట్లో ఎంతవరకు చేయొచ్చో అంతవరకే, కత్తిని కొంచెం ఎత్తి మణికట్టు తిప్పింది. మళ్ళీ తిప్పింది. చెవి దగ్గర పెట్టుకుంది.

"అయ్యో, ఇది రావట్లేదండీ" అంది జాలిగా. "పాడైంది వచ్చినట్టుంది మీకు. పెట్టె ఉంటే పట్టుకెళ్ళండి, మార్చి ఇస్తారు. మంచి కంపెనీయే."

"పెట్టె లేదమ్మా" అన్నాడు తకేజి.